తగ్గించి పోసిన గ్లాసు

తమ్ముడు తాగే మందు అన్నే తన చేత్తో కొలిచి పోయాలని చెప్పినప్పుడు, ఆ మాట అన్న మనిషికి మతి ఉందో లేదోనని షావుకారు ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. మతి ఉన్నట్టే ఉంది. భుజానికి గుడ్డసంచి, అరిగిన చెప్పులు, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకే చూసే అలవాటు. ఆసుపత్రి తరఫున రోగుల ఇళ్లకు వచ్చే సోషల్ వర్కర్ ఆమె. ఇంట్లోవాళ్లు అప్పటికే సంచి మేడం అని పేరు పెట్టేసుకున్నారు.

ఆమె ఆ ఇంటి మెట్లెక్కడానికి కారణం కూడా షావుకారే. ఆయనది రంగుల దుకాణం. కింద షాపు, పైన కాపురం. తమ్ముడు షాపులో రంగులు కలిపేవాడు. గోడ పెచ్చు ఒకటి తెచ్చి చూపిస్తే చాలు, రంగుల కార్డు కూడా చూడకుండా ఆ రంగును డబ్బాలోకి దింపేవాడు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. పొద్దున్నే ఒక గ్లాసు పడితే తప్ప ఆ వణుకు ఆగని స్థితికి వచ్చింది. చెడ్డ బేరం ఎంత త్వరగా తెంచుకుంటే అంత లాభమని నమ్మే మనిషి షావుకారు. తమ్ముణ్ణి పైగదిలో పెట్టి తాళం వేశాడు. వేళకు అన్నం పెట్టించాడు, మందు మాత్రం చుక్క ఇవ్వలేదు. మర్నాడు పైనుంచి నిండు డబ్బా కిందపడ్డట్టు చప్పుడైంది. తాళం తీసేసరికి తమ్ముడు నేలమీద కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. కళ్లు తేలేశాడు. నాలుక తెగి నోటినిండా నెత్తురు. ఆసుపత్రికి మోసుకెళ్లి ప్రాణం దక్కించుకున్నారు, ఆ వెనకే ఆమె వచ్చింది.

ఆ రోజునుంచి పైన ఏది కిందపడినా షావుకారు ఉలిక్కిపడేవాడు. ఆయన భార్య పొరపాటున గరిటె జారవిడిచినా, కిందనుంచి పిలిచి ఏమైందని అడిగేవాడు. గరిటెకేం కాలేదని ఆమె పైనుంచే జవాబు చెప్పేది.

సంచి మేడం చెప్పింది ఇదీ. పొద్దున లేచింది మొదలు తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోవడమే పెద్ద గండం. ఏళ్ల తరబడి మందు ఆ ఒంటిని జోకొడుతూ వచ్చింది. నరాలు ఆ జోలకు ఎదురు నిలబడి బిగుసుకుని ఉన్నాయి. జోల ఆపేస్తే ఆ బిగువంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. చెమటలు, మూర్ఛలు, లేనివి కనబడటం, ఒక్కోసారి ప్రాణం పోవడం. ఆసుపత్రిలో పెట్టి మాత్రలతో దించడమే సరైన పద్ధతి. కాని వార్డులో మంచం ఖాళీ లేదు. దొరికేదాకా ఇంట్లోనే డాక్టరు చెప్పిన కొలతలో, రోజంతా విడతలు విడతలుగా మందు ఇవ్వాలి. కొన్నాళ్లకొకసారి డాక్టరు చెబితేనే రవ్వంత తగ్గించాలి. తిండి పెట్టాలి, విటమిన్ మాత్రలు వెయ్యాలి. వణుకు పెరిగినా, చెమటలు పట్టినా వెంటనే ఫోన్ చెయ్యాలి.

షావుకారును ఆ మాటలకంటే ఎక్కువ నొప్పించింది ఇంకొకటి. ఇదంతా మొదలుపెట్టేముందు ఆమె తమ్ముణ్ణి అడిగింది. నీకేం కావాలి, సీసా ఎవరి దగ్గర ఉంటే నీకు ధైర్యం అని. కొనేవాణ్ణే ధర చెప్పమన్నట్టుంది షావుకారుకు. తమ్ముడు తలొంచుకుని నవ్వాడు.

"అన్నయ్య దగ్గరుంటే ఉంటుంది. నా దగ్గరుంటే ఉండదు" అన్నాడు.

అలా సీసా షాపులోకి వచ్చింది. బ్రష్షులుండే బీరువాలో పై అరలో పెట్టి తాళంచెవి మొలకు కట్టుకున్నాడు షావుకారు. సంచి మేడం గీతలున్న చిన్న కప్పు ఒకటి ఇచ్చి ఏ గీతదాకా పొయ్యాలో చూపించింది. పోతూపోతూ మెట్లమీద ఆగింది.

"కొలతలో తేడా వచ్చినా ఫర్వాలేదు షావుకారు గారూ. వచ్చిన తేడా మాత్రం నాకు దాచకండి. డాక్టరు గారు మీ మాట మీదే లెక్క వేస్తారు."

కొలత గురించి తనకు చెప్పాలా అనుకున్నాడు షావుకారు. భార్య మాత్రం ఆ పని తనవల్ల కాదని తెగేసి చెప్పింది. కొలిచి పొయ్యడం మీకు చేతి అలవాటే కదా, మీరే పొయ్యండి అని దెప్పింది.

మొదటి గ్లాసు కోసం కప్పులోకి మందు పోశాడు. కప్పును కంటి ఎత్తుకు లేపి గీత చూశాడు. స్టీలు గ్లాసులో వంచి, నీళ్లు కలిపి అందించాడు. తమ్ముడు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తాగుతున్నప్పుడు గొంతు కదలడం చూస్తూ, ఈ పని కళ్లారా చూసిన వాడెవడైనా తనను అన్న అంటాడా అనుకున్నాడు షావుకారు. లోకంలో అన్నలు తమ్ముళ్ల చేతిలోంచి గ్లాసు లాక్కుంటారు. తాను చేతిలో పెడుతున్నాడు.

అయితే పని జరిగింది. కొద్దిరోజుల్లో తమ్ముడి మొహంలోకి పాత మనిషి తిరిగి వచ్చాడు. పూటకింత తిన్నాడు. కంటినిండా పడుకున్నాడు. ఒకరోజు కిందికి దిగివచ్చి, ఎవరూ కలపలేని పాత బూడిదరంగు ఒకటి కలిపి పెట్టాడు. దాన్ని పట్టుకెళ్లిన మేస్త్రీ, ఇంతకాలం మీ తమ్ముణ్ణి ఎక్కడ దాచారండీ అని అడిగాడు. షావుకారు ఆ మాటకు పొంగిపోయాడు. మేడం వచ్చినప్పుడు తమ్ముడు ఆమెతో చాలాసేపు మాట్లాడేవాడు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఏ మాటకు మనసు అటు లాగుతుంది, ఏ వీధిలోకి పోకపోతే మంచిది, ఇలాంటివి. షావుకారు కిందనుంచి చెవి ఒగ్గేవాడు గాని ఏ నీతులూ వినబడేవి కావు. ఇంతంత సేపు కూర్చుని ఒక్కసారైనా మానెయ్యమని చెప్పదేమిటని భార్య దగ్గర విసుక్కున్నాడు.

"మీరు ఇన్నేళ్లు చెప్పారుగా. ఆమె కూడా ఎందుకు చెప్పడం?" అంది భార్య.

అక్కడే షావుకారు లెక్క తప్పింది. సరుకు బాగా కదులుతోంది, మరి ఇంత నిదానం ఎందుకు అనుకున్నాడు. వాడు బాగానే ఉన్నాడు. ఉన్నప్పుడే ఇంకాస్త తగ్గిస్తే మంచం దొరికే వేళకు ఆసుపత్రి అవసరమే రాదేమో. ఆమెకేం తొందర, ఆమె తమ్ముడా? పైకి చెప్పుకున్న లెక్క ఇది. లోపలి సంగతి వేరు. గ్లాసు నింపిన ప్రతిసారీ తన చేత్తో తానే వాణ్ణి కొంచెం కొంచెం చంపుతున్నట్టు భయం వేసేది. కప్పులో మందు గీతకు కిందే ఆగితే ఆ భయం కూడా కొంత కిందే ఆగేది. తన భయం తగ్గించుకోవడానికి తమ్ముడి కొలత తగ్గించాడు.

మొదట రవ్వంత. తగ్గిన చోట నీళ్లు పోశాడు. తమ్ముడు తాగి గ్లాసు ఇచ్చేశాడు. ఒక్క క్షణం గ్లాసు అడుగుకేసి చూసినట్టు అనిపించింది. మర్నాడు ఇంకొంచెం. ఆ తర్వాత సగానికి సగం. ఏ మేస్త్రీ అయినా రంగులో థిన్నరు ఎక్కువ కలిపాడని తెలిస్తే షావుకారు షాపులో నిలబెట్టి కడిగేసేవాడు. తడిమీద ఉన్నంతసేపు గోడ నిండుగానే కనబడుతుందిరా, ఆరాక పాత మరకలన్నీ లేచొస్తాయి అనేవాడు. ఆ మాట ఎన్నివందల సార్లు అన్నాడో. తన చేతిలో గ్లాసు ఉన్నప్పుడు ఒక్కసారీ గుర్తు రాలేదు.

మరకలు లేచొచ్చాయి. తమ్ముడికి నిద్ర పట్టడం మానేసింది. పైన అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు, మంచం కిర్రుమనడం, మళ్లీ అడుగులు. చొక్కా మెడపట్టీ చెమటతో తడిసి ముద్దయ్యేది. ముద్ద నోటిదాకా తీసుకెళ్లేలోపు సగం కంచంలో పడేది. షాపులో ఒక డబ్బా మూత జారి సిమెంటు నేలమీద పడితే వాడు తలమీద చేతులు పెట్టుకుని కిందికి కూర్చుండిపోయాడు. మూత గిరగిరా తిరిగి ఆగేదాకా లేవలేదు. షావుకారు నవ్వబోయి నవ్వలేకపోయాడు.

సంచి మేడం వచ్చి నాడి చూసింది. చేతులు చాపమంది. చాపిన వేళ్లు గాలికి ఆకుల్లా ఆడుతున్నాయి. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. రోజుకు ఎంత ఇస్తున్నారని షావుకారును అడిగింది.

"మీరు చెప్పినంతే" అన్నాడు షావుకారు.

కంపెనీ సీలండీ, మేం ముట్టుకోలేదు అని గిరాకీతో చెప్పే గొంతుతో అన్నాడు. ఆ గొంతును ఇన్నేళ్లలో ఎవరూ అనుమానించలేదు. ఆమె కూడా అనుమానించలేదు. తమ్ముడి వంక తిరిగి బయట ఇంకేమైనా తీసుకుంటున్నావా, ఏదైనా సరే చెప్పు, కోప్పడను అంది. తమ్ముడు లేదని తల ఊపాడు. ఒక్కసారి అన్న మొహంలోకి చూసి చూపు నేలకు దించుకున్నాడు.

కొలత సరిగానే ఉంటే ఈ వణుకు ఎక్కడిదో ఆమెకు అందలేదు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది కనుక లోపల ఏదైనా జబ్బు ఉందేమోనని డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన రక్తపరీక్ష రాశాడు, ఫలితం వచ్చాక చూద్దామన్నాడు. అంటే షావుకారు చెప్పిన ఒక్క అబద్ధం మీద డాక్టరూ, ఆమే, పరీక్షలు చేసేవాళ్లూ అందరూ కలిసి లేని జబ్బు కోసం వెతకడం మొదలుపెట్టారు. షావుకారుకు ఆ సంగతి అర్థమైంది. తప్పుడు తూకం ఒకచోట మొదలైతే ఎక్కడెక్కడికి పాకుతుందో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. చెబితే ఆమె ఏమంటుంది, భార్య ఏమంటుంది, అన్నిటికంటే వాడు ఏమనుకుంటాడు? ఈ సాయంత్రం నుంచి పూర్తి కొలత పోసేస్తే లెక్క దానంతటది సరిపోతుంది, ఎవరికీ చెప్పే పనే ఉండదు అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గీతదాకా పోశాడు. తమ్ముడు రెండు గుక్కలు తాగి వాంతి చేసుకున్నాడు. మళ్లీ పోశాడు. అదీ నిలవలేదు. నీళ్లు కూడా నిలవలేదు. ఫోన్ చేస్తే అన్నీ చెప్పాల్సి వస్తుందని చెయ్యలేదు. అప్పుడు పట్టుకుంది షావుకారుకు అసలు భయం. ఇంతవరకు ఏ పొరపాటైనా వెనక్కి తిప్పుకోవచ్చనే ధైర్యంతో బతికిన మనిషి. తప్పుడు రంగు వెళ్తే డబ్బా వాపసు తీసుకుని ఇంకొకటి ఇచ్చేవాడు. దీన్ని వాపసు తీసుకునేవాడెవడు?

పొద్దున షాపు తెరిచాక తమ్ముడు ఎవరూ పిలవకుండానే కిందికి దిగి వచ్చాడు. స్నానం చేసి తల దువ్వుకున్నాడు. ఆ పద్ధతి చూసి షావుకారు ఊపిరి పీల్చుకున్నాడు. వాడు నేరుగా అరల దగ్గరికి పోయి డబ్బాలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ నడిచాడు. బూడిదరంగు పట్టుకెళ్లిన మేస్త్రీ ఇంకో డబ్బా కోసం వచ్చి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, మూతలెవరు తీశారు?"

"ఏ మూతలురా?"

"అన్నీ తీశారుగా. పొంగుతున్నాయి చూడు. కాళ్లు తీయ్, కాళ్లు తీయ్, తడుస్తాయి."

షావుకారు తనకు తెలియకుండానే తన కాళ్లకేసి చూసుకున్నాడు. నేల పొడిగా ఉంది. తల ఎత్తేసరికి తమ్ముడు పాంటు మడతలు పైకి లాక్కుంటున్నాడు. వాడి కళ్లు నేలమీద ఏదో పారుతున్నట్టు గుమ్మం నుంచి బల్లదాకా, బల్ల నుంచి తన పాదాలదాకా మెల్లగా కదిలాయి. మేస్త్రీ ఏదో హాస్యమాడబోయి ఆ కళ్లు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత తమ్ముడు అరలకు ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. పై అరలో థిన్నరు డబ్బాలున్నాయి. వాడు ఎక్కుతున్నకొద్దీ ఒంటి వణుకు నిచ్చెనలోకి, నిచ్చెన నుంచి అరలోకి పాకి డబ్బాలన్నీ ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.

షావుకారు ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో సంచి మేడంకు ఫోన్ కలిపాడు. చెవిదగ్గర పెట్టుకోవడానికి చెయ్యి కుదరక స్పీకరు పెట్టి బల్లమీద ఉంచాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. ఆమె గొంతు తొణకలేదు. అంబులెన్సు తాను పంపిస్తానంది. వాణ్ణి లాగొద్దు, అరవొద్దు, వాదించొద్దు. మీరు దగ్గరే ఉన్నారని మెల్లగా చెబుతూ ఉండండి. నోట్లో మాత్రం ఏమీ పొయ్యొద్దు. ఈలోపు చప్పుడుకు భార్య దిగి వచ్చింది.

"ఇప్పుడు ఒక్కటి అడుగుతా షావుకారు గారూ" అంది మేడం ఫోన్లోంచి. "ఇన్ని రోజులూ నిజంగా ఎంత పోశారు? నిన్నటి రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. జబ్బనుకుంటే ఒక వైద్యం, మందు తగ్గడం వల్లనుకుంటే ఇంకో వైద్యం. అక్కడికి వచ్చేవాళ్లకు నేను ఏదో ఒకటి చెప్పాలి."

షావుకారు చుట్టూ చూశాడు. భార్య చూస్తోంది. మేస్త్రీ చూస్తున్నాడు. తలమీద, అందేంత ఎత్తులో, తమ్ముడి పాదాలు తిరుగుతున్న మోటారు మీద పెట్టినట్టు అదురుతున్నాయి. చెప్పినంతే అన్న మాట నోటిదాకా వచ్చింది. అది వాడుక మీద ఉన్న మాట, దానంతటదే వస్తుంది. దాన్ని బలవంతాన మింగాడు.

"సగం" అన్నాడు. "సగం పోసి నీళ్లు కలిపా. ఈ మధ్య సగం కూడా కాదు."

అరల్లో డబ్బాల చప్పుడే.

"సరే" అంది ఆమె. "చెప్పి మంచిపని చేశారు. లైను కట్ చెయ్యకండి, డాక్టరుకు చెప్పి వస్తా."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది షావుకారుకు. తిడితే ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. భార్య ఆయన వంక ఒక్క చూపు చూసి, మూలనున్న పాతగుడ్డ తీసుకుని మోకాళ్లమీద కూర్చుంది. పొడినేలను తుడవడం మొదలుపెట్టింది. నిండా రంగు ఒలికినచోట ఎలా తుడుస్తారో అలాగే, అంచుల నుంచి లోపలికి.

"ఏమయ్యా, ఇటు చూడు. తుడిచేశా. దిగు" అంది మరిదితో.

"అక్కడ మిగిలింది వదినా. బల్లకింద."

ఆమె బల్లకింద కూడా తుడిచింది. గుడ్డను బకెట్లో పిండింది. మేస్త్రీ ఆమెకు దారి ఇచ్చి గోడకు అంటుకుపోయాడు. తమ్ముడు కిందికి చూశాడు. ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు. షావుకారు రెండు చేతులతోనూ నిచ్చెన పట్టుకుని, నేనున్నారా, నేనిక్కడే ఉన్నారా అని అదే మాట అంటూ ఉన్నాడు. మూడో మెట్టు మీద వాడి గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. ఒళ్లు విల్లులా వంగింది. చేతులు నిచ్చెన వదిలేశాయి.

మొత్తం బరువు వచ్చి షావుకారు మీద పడింది. ఇద్దరూ కలిసి నేలకు తగిలారు. పై అరలోంచి ఒక డబ్బా కూడా పడి దొర్లుకుంటూ పోయింది, మూత ఊడలేదు. తమ్ముడి తల తన పొట్టమీద టకటకా కొట్టుకుంటుంటే షావుకారు దాన్ని బిగించి పట్టుకోబోయాడు. పట్టుకోవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి అని బల్లమీది ఫోన్ చెబుతూనే ఉంది. భార్య తన కొంగు ఉండచుట్టి పెట్టింది. అంబులెన్సు వచ్చేవరకు షావుకారు చేసింది ఒక్కటే. తమ్ముడి ముక్కు దగ్గర అరచెయ్యి ఉంచి ఊపిరి తగులుతోందా లేదా అని చూడటం. తగిలిన ప్రతిసారీ, ఇంకొకటి, ఇంకొకటి అని లోపల బతిమాలుకున్నాడు.

ఆసుపత్రిలో తమ్ముడు చాలారోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు. మంచం అంచులు పట్టుకుని లేని మనుషులతో మాట్లాడేవాడు. సూదుల మీద సూదులు. షావుకారు గది బయట బల్లమీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఎవరు బయటికి వచ్చినా వాడు పోయాడన్న మాట చెప్పడానికే వస్తున్నారనిపించేది. సంచి మేడం వచ్చి పక్కన కూర్చుంది. పోలీసులకు చెబుతారా అని అడిగాడు. చెప్పనంది. ఇకమీద ఈ పని నాకు అప్పజెప్పకండి, నా చెయ్యి మంచిది కాదు అన్నాడు.

"నేనూ ఒక పొరపాటు చేశా" అంది ఆమె. "పోసేటప్పుడు ఒకసారి నా ముందు పోసి చూపించమని అడగాల్సింది. వేరే ఇంట్లో అయితే అడిగేదాన్ని. మీరు వ్యాపారస్తులు, కొలతలో తేడా రానివ్వరనుకున్నా."

ఆ మాట దెబ్బలా తగిలింది గాని ఆమె దెబ్బకోసం అనలేదు. తన పొరపాటు తాను చెప్పుకుంది, అంతే. అలా చెప్పుకుని కూడా మనిషి బల్లమీద మామూలుగా కూర్చోగలడని షావుకారుకు అప్పటిదాకా తెలియదు.

తమ్ముడికి తెలివి వచ్చిన రోజు గొంతు బొంగురుపోయి ఉంది. షావుకారు మంచం పక్కన నిలబడి, కూర్చోకుండానే, జరిగింది చెప్పేశాడు. నీళ్లు కలిపానని, అబద్ధం చెప్పానని. తమ్ముడు పైకప్పుకేసి చూస్తూ విన్నాడు.

"తెలుసన్నయ్యా."

"తెలుసా?"

"నీళ్ల రుచి నాకు తెలీదా? నువ్వూ మేడమూ కలిసి అనుకుని తగ్గిస్తున్నారేమో అనుకున్నా."

"మరి ఒళ్లు అలా అయిపోతుంటే నోరు విప్పొద్దట్రా?"

తమ్ముడు పైకప్పు మీంచి చూపు అన్న వైపు తిప్పాడు.

"తాగేవాడు ఇంకొంచెం పొయ్యండంటే, ప్రాణం పోతోంది కాబట్టి అడుగుతున్నాడని ఎవరనుకుంటారు?"

షావుకారు అప్పుడు కూర్చున్నాడు. నిజమే. అడిగి ఉంటే తానే అనేవాడు, మళ్లీ మొదలెట్టావట్రా అని. వాడు ప్రాణం పోతున్నా నోరు విప్పకుండా తన పరువు కాపాడుకున్నాడు. తాను వాడి ప్రాణం పణంగా పెట్టి తన పరువు కాపాడుకున్నాడు. ఎవరి భయం వాళ్లు మూటగట్టుకుని ఒకే ఇంట్లో మసిలారు.

వార్డు నుంచి ఇంటికి పంపే ముందు షావుకారుకు ఒక్క కోరిక ఉండింది. ఇక ముట్టనని తమ్ముడు ఒట్టు పెట్టాలి. ఆ ఒట్టు చేతికొస్తే తాను నిద్రపోగలడు. సంచి మేడం ఒట్లు అడగలేదు. ఏమనుకుంటున్నావని మాత్రం అడిగింది. ఇప్పటికైతే వద్దనుకుంటున్నా, రేపటి సంగతి తెలీదు అన్నాడు తమ్ముడు. ఆమెకు ఆ జవాబు చాలినట్టే ఉంది. తాగాలనే కోరిక తగ్గడానికి మాత్రలు రాయించింది. ఒకవేళ మళ్లీ తాగడం మొదలైతే దాచకుండా చెప్పమని, ఒక్కసారిగా ఆపొద్దని, తనకు ఫోన్ చెయ్యమని చెప్పింది. ఒకవేళ ఏమిటి, ఆ మాట ఎందుకెత్తాలి అని షావుకారు లోపల మండిపడ్డాడు. హామీ లేని సరుకు ఆయన జీవితంలో కొనలేదు. ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తున్నది అదే.

ఇంటికి వచ్చాక కూడా భయం పోలేదు, రూపం మార్చుకుంది. తమ్ముడు గుమ్మం దాటితే భయం. ఆలస్యంగా లేస్తే భయం. మరీ హుషారుగా ఉంటే ఇంకా భయం. దగ్గరికొస్తే వాసన చూడకుండా ఉండటానికి షావుకారు ఊపిరి బిగబట్టేవాడు. భార్య గమనించి, ముక్కు మూసుకుని ఎన్నాళ్లు బతుకుతారు అని అడిగింది. తమ్ముడు మళ్లీ రంగులు కలుపుతున్నాడు. చేతిలో సన్నని వణుకు మిగిలింది. డాక్టరు అది మెల్లగా పోతుందన్నాడు, పూర్తిగా పోకపోవచ్చనీ అన్నాడు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. వీధిలో మనుషులు లేరు. తమ్ముడు కలుపుతున్న డబ్బాలో కర్రను అలాగే వదిలేసి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది.

"అన్నయ్యా, ఇవాళ బాగా తాగాలనుంది."

షావుకారు తల ఎత్తాడు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ పాత మాటలే. సిగ్గు లేదట్రా. ఇంత జరిగాక కూడానా. నీ వదిన మొహం చూడు. వాటిని ఒక్కొక్కటే పక్కకు పెట్టాడు. అన్నీ పెట్టేశాక మిగిలింది ఒక్క ప్రశ్న.

"బాగా అంటే ఎంతరా?"

తమ్ముడు ఆ ప్రశ్నకు తెల్లబోయాడు. తర్వాత నిజంగానే ఆలోచించాడు.

"ఇప్పుడు లేచి గుమ్మం దిగితే, వీధి చివరిదాకా ఆగలేనంత."

"నాకు భయంగా ఉందిరా" అన్నాడు షావుకారు. తమ్ముడితో ఆ మాట అనడం అదే మొదలు.

"నాకూ."

"మేడంకి ఫోన్ చెయ్యనా?"

"నేనే చేస్తా. నువ్వు ఎక్కడికీ పోకు."

తమ్ముడు ఫోన్ తీసి నంబరు నొక్కాడు. వేళ్లు వణికి ఒకసారి తప్పు నొక్కి మళ్లీ మొదలుపెట్టాడు. షావుకారు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. షావుకారు లేచి వచ్చి స్టూలు లాక్కుని, గుమ్మానికీ తమ్ముడికీ మధ్య కాకుండా, తమ్ముడి పక్కన మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. గుమ్మం ఎదురుగా తెరిచే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఫోన్ మోగడం వింటున్నారు.